పట్టీ బిగిసిందా అని అడగరాదు

గుర్రపుస్వారీ నేర్చుకోవడానికి గుర్రం అవసరం లేదు!

ఈ మాట నేను తొందరపడి అనడం లేదు. ఇన్నాళ్లూ మనం స్వారీకి ఒక గుర్రం, దాని మీదికి ఒక జీను, చేతికి కళ్లెం, ముందు కాస్త ఖాళీ నేల ఉండాలని భ్రమపడ్డాం. మన ముందు తరాలవారు పాపం గుర్రం ఎక్కి, పడి, బట్టలు దులుపుకొని, మళ్లీ ఎక్కి నేర్చుకున్నారు. ఎంత మోటు పద్ధతి! ఇప్పుడు విజ్ఞానం ముదిరింది. రౌతుకి కావలసింది ఆత్మవిశ్వాసం ఒక్కటేనని తేలిపోయింది. అది ఉన్నవాడు కుర్చీలో కూర్చున్నా రౌతే. లేనివాడు గుర్రం మీద ఉన్నా, అక్కడికి దారితప్పి వచ్చినవాడే.

నమ్మరా? అయితే మా చెల్లెలి సంగతి చెబుతాను.

మా చెల్లెలికి అరవై రెండేళ్లు. ఉద్యోగంలో ఉన్న ముప్పై ఒక్క ఏళ్లూ భవనాల్లో లిఫ్టులు తనిఖీ చేసింది. పైకప్పు మీది యంత్రాల గదిలోకి వంగి దూరి, ఉక్కు తాళ్లను వేళ్లతో తడిమి చూసి, ఒక్క పోగు లేచి కనిపించినా ఆ లిఫ్టుకి తాళం వేయించేది. పదో అంతస్తువాళ్లు మెట్లెక్కుతూ ఆమెను తిట్టని తిట్టు లేదు. ఆమె చూసిన లిఫ్టు ఒక్కటీ పడలేదు. అయినా పడని లిఫ్టుకి దండ వేసేదెవరు?

రిటైరయ్యాక ఆమె నోరు తెరిచి కోరిన కోరిక ఒక్కటే. గుర్రం ఎక్కి, సరస్సు చుట్టూ ఉన్న ఇసుక దారిలో ఒక్కసారి పూర్తిగా తిరిగి రావాలి. ఆమె మోకాళ్లను ఎక్స్‌రేలో చూసిన ఎముకల డాక్టరు పెదవి విరిచి, "ఎక్కేదేదో ఈ ఏడాదే ఎక్కేయండమ్మా. వచ్చే ఏడాది మాత్రం నన్నడగొద్దు" అన్నాడు. ఆ దారి ఊరి చివరి స్వారీ బడి గేటు దగ్గర మొదలవుతుంది. ఆ గేటు దాటాలంటే బడివారి ఆత్మవిశ్వాస పరీక్ష నెగ్గాలి. కనుక చెల్లెలు వెళ్లి ఆ బడిలో చేరింది.

ఆ బడిని చూసి తీరాలి! ముందు గది నిండా మెత్తటి దిండ్లు, నిలువెత్తు అద్దాలు, చల్లటి గాలి. గోడల మీద ఎగిరే గుర్రాల బొమ్మలు. కోచ్‌లు పదకొండుమంది. గుర్రాలు ఏడు. ఆ ఏడింటినీ మేపి, కడిగి, డెక్కలు గీకే మనిషి ఒక్కడు. అవసరానికి తగ్గట్టు మనుషులను పంచడమంటే ఇదీ!

ప్రధాన కోచ్ అంతకుముందు పరుపుల దుకాణంలో అమ్మకాలు చూసేవాడట. జనాన్ని పడుకోబెట్టే పని నుంచి ఎక్కించే పనికి ఎదిగిన మనిషి.

మొదటిరోజే చెల్లెలు తన అజ్ఞానం బయటపెట్టుకుంది. "గుర్రాలు ఎక్కడుంటాయండీ?" అని అడిగింది.

"గుర్రం మీలోనే ఉంది మేడమ్," అన్నాడు ప్రధాన కోచ్.

"అలాగా. మరి దానికి గడ్డి ఎవరు వేస్తారు?"

ఆయన చిరునవ్వు నవ్వి పుస్తకంలో ఏదో రాసుకున్నాడు.

మొదటి నెలంతా అద్దం పాఠం. రోజూ అద్దం ముందు నిలబడి "నేను రౌతుని" అని నలభైసార్లు అనాలి. రెండో నెల పీపా పాఠం. ఒక పీపా మీద జీను వేసి దానిపై కూర్చోబెట్టారు. ఎంత బుద్ధిమంతమైన వాహనం! తన్నదు, కరవదు, ఎటూ పోదు. మూడో నెల కళ్లు మూసుకుని కుర్చీలో కూర్చుంటే కోచ్ మెల్లగా, "ఇప్పుడు మీరు దౌడు తీస్తున్నారు... గాలి చెంపలకి తగులుతోంది... ముందు ఒక కాలువ... ఎగరండి!" అంటాడు. ఆ ఎగురుడులో రిటైరైన బ్యాంకు క్యాషియర్ ఒకాయన కుర్చీలోంచి దబ్బున కిందపడ్డాడు. మోచెయ్యి గీరుకుపోయింది. కోచ్‌లు ముగ్గురు కూడి చర్చించి, తప్పు కుర్చీదని తేల్చి, దాన్ని గదిలోంచి వెలివేశారు.

నాలుగో నెల గుర్రానికి ఉత్తరం రాయమన్నారు. భయాలన్నీ అందులో దాచకుండా రాసి, గుర్రపుసాలలోకి వెళ్లి గుర్రానికి స్వయంగా అందించాలి. చెల్లెలి ఉత్తరాన్ని బుంగ అనే గోధుమరంగు ఆడగుర్రం నమిలి మింగేసింది. అది ఆమె భయాన్ని స్వీకరించిందనడానికి అదే నిదర్శనమట. ఇంత చక్కని టపా వ్యవస్థ మనకు ఇంకెక్కడ దొరుకుతుంది?

ఆ బడికి అసలు మకుటం మాత్రం సందేహ చీటీ. పసుపుపచ్చగా అరచేయంత ఉంటుంది. "ఒకవేళ" అనే మాటతో ఎవరు ప్రశ్న మొదలుపెట్టినా వారికి ఒక చీటీ ఇస్తారు. సందేహం అంటువ్యాధి కనుక, మూడు చీటీలు పడ్డవారు ఆ ఏడాదికి గేటు దాటరాదు. రోగిని వేరుగా ఉంచడం వైద్యంలో ఎప్పటినుంచో ఉన్నదే కదా!

చెల్లెలు మొదటి చీటీని "ఒకవేళ అది వెనక్కాలితో తన్నితే ఎటు తప్పుకోవాలి?" అన్నందుకు సంపాదించింది. రెండోది మాట్లాడకుండానే వచ్చింది. గుర్రం కిందికి వంగి చూసిందట. వంగడం సందేహానికి శరీర భాష అన్నారు.

ఏం చూద్దామని వంగిందో చెప్పాలి. జీను గుర్రం మీద తనంతట తాను ఆగదు. పొట్ట కిందినుంచి ఒక తోలు పట్టీ తెచ్చి బిగిస్తేనే ఆగుతుంది. ఈ రహస్యం ఆమెకు కోచ్‌లు చెప్పలేదు. గుర్రాలు చూసుకునే పెద్దాయన చెప్పాడు. కోచ్‌లు పదింటికి గానీ రారు. చెల్లెలు ఆరింటికే సాలకు వెళ్లేది. కంచె లోపల ఆయనే ఆమెను ఎక్కించి, నడిపించి, పగ్గం పట్టడం, ఆపడం, దిగడం నేర్పాడు. అద్దం కూడా లేకుండా!

"గుర్రం మనకంటే తెలివైందమ్మా," అన్నాడాయన ఒకరోజు బుంగకు జీను వేస్తూ. "పట్టీ బిగిస్తున్నామని తెలియగానే ఊపిరి బిగబట్టి పొట్ట ఉబ్బిస్తుంది. దీన్ని చూడండి, బుంగలా ఎలా పెట్టిందో. అందుకే దీనికా పేరు. నాలుగడుగులు నడిపిస్తే ఊపిరి వదులుతుంది. అప్పుడు మళ్లీ బిగించాలి. లేకపోతే జీను తిరిగిపోతుంది."

"అందరికీ ఇలా రెండుసార్లు బిగిస్తారా?"

"నలభై ఏళ్లు అలాగే బిగించాను. ఇప్పుడు వద్దన్నారు. బోర్డు చూడలేదా?"

బోర్డు నేను కూడా చూశాను. సాల గుమ్మం మీద బంగారు అక్షరాలతో ఉంది: "పట్టీ బిగిసే ఉంది. నమ్మండి."

దాని వెనుక కథ చాలా ఉదాత్తమైనది. పెద్దాయన రెండోసారి బిగిస్తుంటే చూసినవారు, "అదేమిటి, ఇందాక బిగించలేదా?" అని అడిగేవారట. అలా అడిగిన ముగ్గురు అభిప్రాయ పత్రంలో తమ ఆత్మవిశ్వాసం ఎనిమిది నుంచి అయిదుకి పడిపోయిందని రాశారు. బడి కంపించిపోయింది. సమావేశం జరిగింది. పడిపోతున్న అంకెను నిలబెట్టే మార్గం వెదికారు. రెండోసారి బిగించడం రద్దయింది, అంకె నిలబడింది. జీను సంగతి ఆ పత్రంలో ఎవరూ అడగలేదు కనుక ఎవరూ రాయలేదు.

ఆలోచించి చూడండి. పట్టీ బిగించాలంటే తెలిసిన మనిషి కావాలి. రోజూ కావాలి, ప్రతి గుర్రానికీ రెండుసార్లు కావాలి. నమ్మకానికైతే ఒక బోర్డు, రెండు మేకులు చాలు. నాగరికత ఏ వైపు నడవాలో ఇంకా చెప్పాలా?

పరీక్ష రోజు వచ్చింది. బంధువులకు బెంచీలు వేశారు. నేనూ వెళ్లి ముందు వరుసలో కూర్చున్నాను. ప్రధాన కోచ్, ఆయన వెనుక ఆరుగురు శిష్యులు, మొత్తం ఏడు గుర్రాలు. శిష్యుల్లో కుర్చీలోంచి పడ్డ క్యాషియర్ ఉన్నాడు, ఒక దంతవైద్యురాలు ఉంది. పెద్దాయన అలవాటు కొద్దీ ఎక్కడ రెండోసారి బిగిస్తాడోనని ఆయనకు ఒక నీలం కోటు తొడిగి, చేతిలో జెండా పెట్టి గేటు దగ్గర నిలబెట్టారు. జీనులు కోచ్‌లే స్వయంగా వేశారు. గుర్రాలన్నీ ఎంతో సహకరించాయి. ఏడూ ఏడు బుంగల్లా నిలబడ్డాయి.

గేటు తెరిచారు. అవతల సరస్సు. అంచు వెంబడే ఇసుక దారి, ఎండలో మెరుస్తూ.

మా చెల్లెలు ఆ దారివైపు ఎంతసేపు చూసిందో నేను చూశాను. రెండు చీటీలు అప్పటికే ఆమె ఖాతాలో ఉన్నాయి. నోరు మూసుకుని ఎక్కితే ఆ దారి ఆమెదే. ఎక్కే మెట్టు మీద కాలు పెట్టబోయి, ఆగి, చెయ్యి పట్టీకిందికి పోనిచ్చింది. తీసేసింది. మళ్లీ గేటువైపు చూసింది. మళ్లీ పోనిచ్చింది.

"మేడమ్, చెయ్యి తీయండి," అన్నాడు ప్రధాన కోచ్ గుర్రం మీదినుంచే.

"నాలుగు వేళ్లు దూరుతున్నాయి సార్."

"ఆ ఖాళీ మీ మనసులో ఉంది."

"మనసులోది ఇంటికెళ్లి చూసుకుంటాను. ఇది గుర్రానికుంది."

"అందరూ చూస్తున్నారు మేడమ్. మీ బంధువులు కూడా ఉన్నారు."

అందరూ నన్ను చూశారు. నేను నా చేతిసంచిలో చాలా ముఖ్యమైనదేదో వెదకసాగాను.

మా చెల్లెలు గొంతు సవరించుకుంది. బెంచీల చివరిదాకా వినబడేలా, ఒక్కో అక్షరం విడమరచి అడిగింది: "ఒకవేళ జీను తిరిగిపోతే?"

పిల్లి గంతేసినట్టు ఒక కోచ్ గంతేసి వచ్చి మూడో చీటీ చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, బుంగ పగ్గం పట్టుకుని పక్కకు నిలబడింది. ఆమె మొహం నేను చూడలేకపోయాను. ఆ ఏడాది అయిపోయింది. వచ్చే ఏడాది డాక్టరు అడగవద్దన్నాడు.

"చూశారా, భయం మనిషిని ఎక్కడ నిలబెడుతుందో!" అన్నాడు ప్రధాన కోచ్ మాతో. మిగతా అయిదుగురినీ వెంటబెట్టుకుని, జెండా కింద నుంచి గేటు దాటాడు.

ఆ తరువాతి దృశ్యాన్ని వర్ణించడానికి నాకు భాష చాలదు. అయినా ప్రయత్నిస్తాను.

ఆరు గుర్రాలూ నాలుగడుగులు నడిచాయి. ఆరూ హాయిగా ఊపిరి వదిలాయి. మొదటి మలుపు దగ్గర ప్రధాన కోచ్ మావైపు తిరిగి చెయ్యి ఊపాడు. ఊపుతూనే, గడియారంలో పెద్ద ముల్లు పన్నెండు నుంచి ఒంటిగంటకు, రెండుకు, మూడుకు జరిగినట్టు, ఎంతో హుందాగా పక్కకు జరగసాగాడు. మూడు దగ్గర కూడా ఆయన మొహంలో చిరునవ్వు చెక్కుచెదరలేదు. నాలుగు దగ్గర "నమ్మకం..." అన్నాడు. అయిదు దగ్గర మాట ఇసుకలో కలిసింది. ఆరు దగ్గర ఆయన గుర్రం పొట్ట కింద, రికాబుల్లో కాళ్లతో, ఆకాశానికి తల పెట్టవలసినవాడు నేలకు పెట్టి ఉన్నాడు. గుర్రం మర్యాదస్థురాలు. ఆగి, ఆయన కాళ్లు విడిపించుకునేదాకా ఎదురుచూసి, అప్పుడు వెళ్లింది.

మిగిలినవారు గురువును అనుసరించారు. క్యాషియర్ అనుభవజ్ఞుడు కనుక అందంగా పడ్డాడు. మరో ముగ్గురు ఇసుకలో మూటల్లా వరుసగా దిగబడ్డారు. ఒక్క దంతవైద్యురాలు మాత్రం, జీను కిందికి పోయినా తాను పోకుండా, గుర్రం మెడను రెండు చేతులా కౌగిలించుకుని వేలాడింది. తరువాత ఆమెకు "అతిగా పట్టుకొనుట" అనే పద్దు కింద మార్కులు తగ్గించారు.

ఎవరికీ దెబ్బలు తగల్లేదు. ఇసుక మెత్తనిది. దానికి ఎవరూ శిక్షణ ఇవ్వలేదు మరి!

అయిదు గుర్రాలు మాత్రం జీనులు కిందికి వేలాడేసుకుని దారి పట్టాయి. పెద్దాయన జెండా అవతల పారేసి రెండడుగులు పరుగెత్తి, ఆయాసంతో ఆగిపోయాడు. కోచ్‌లు పదిమంది ఒకరినొకరు చూసుకున్నారు. పదిమందికీ గుర్రం ఎక్కడం రాదన్న సంగతి అప్పుడే బయటపడింది. ఆత్మవిశ్వాసం బోధించేవారికి అది తప్పనిసరి అర్హత కాదట.

"అమ్మా! బుంగని తీసుకుని మీరెళ్లండి!" అని అరిచాడు పెద్దాయన. "ముందు నల్లదాన్ని పట్టుకోండి. అది ఆగితే మిగతావి ఆగుతాయి!"

"చీటీలు మూడయ్యాయి పెద్దాయనా."

"చీటీలు గుర్రాలకు చూపించుకుందాం, ముందు ఎక్కండమ్మా తల్లీ!"

చెల్లెలు తొందరపడలేదు. అవతల గుర్రాలు పారిపోతున్నాయి, ఇవతల కోచ్‌లు కేకలు పెడుతున్నారు. ఆమె బుంగను నాలుగడుగులు నడిపించింది. అది ఫూ అని ఊపిరి వదిలింది. ఆమె పట్టీని రెండు రంధ్రాలు లోపలికి లాగి బిగించింది. వేళ్లు పెట్టి చూసింది. అప్పుడు మెట్టెక్కి, గుర్రం ఎక్కి, గేటు దాటి వెళ్లింది.

నల్లది పట్టుబడటానికి నిదానించలేదు. సరస్సు చుట్టూ తిరిగింది. కనుక చెల్లెలు కూడా సరస్సు చుట్టూ తిరగవలసి వచ్చింది. గంటన్నర తరువాత అవతలి వైపు నుంచి, వెనుక అయిదు గుర్రాలను తాడుకి కట్టుకుని, జుట్టు రేగి, చొక్కా తడిసి, నవ్వు ఆపుకోలేక తిరిగి వచ్చింది. అరవై రెండేళ్ల మనిషి అంత నవ్వు నవ్వడం ఆ బడి నియమాల్లో ఎక్కడా లేదు.

మర్నాడు బడివారు విచారణ నివేదిక వెలువరించారు. అందులోని తర్కాన్ని నేను మూడుసార్లు చదివి ఆనందించాను. ప్రమాద కారణం: "ఒక అభ్యర్థి బహిరంగంగా వ్యక్తం చేసిన సందేహం మిగతా పట్టీలకు పాకుట." పడిన నలుగురు శిష్యులకీ, వేలాడిన ఒకరికీ పట్టాలు ఇచ్చారు. ప్రధాన కోచ్‌కి చిరునవ్వు చెడకుండా పడినందుకు ప్రత్యేక ప్రశంస. వచ్చే నెల నుంచి "ఆత్మవిశ్వాసంతో పడుట" అనే కొత్త పాఠం మొదలవుతుంది. మా చెల్లెలి పేరు ఎదురుగా మాత్రం ఇలా ఉంది: "భయం అధికం. అసంపూర్ణం. స్వారీకి అనర్హురాలు."

పెద్దాయనను కూడా వదలలేదు. పట్టీల మీద ఆయనకున్న అపనమ్మకమే అన్నిటికీ మూలమని గుర్తించి, ఆయనను మొదటి పాఠంలో చేర్చారు. రోజూ ఉదయం అద్దం ముందు నిలబడి "నేను రౌతుని" అంటున్నాడు. ఆ సమయంలో గుర్రాలకు పట్టీలు ఎవరు బిగిస్తున్నారని నేను అడగలేదు. చీటీ ఇస్తారు.

పాఠకులారా, ఇంత గొప్ప విధానాన్ని ఒక్క స్వారీ బడికే వదిలేయడం న్యాయమా? వంతెనలకు అన్వయించండి! పగులు కనిపించిన చోట సిమెంటు ఎందుకు? "వంతెన గట్టిదే. నమ్మండి" అని బోర్డు పెట్టండి. ఆసుపత్రిలో పేషెంటు, "కోయబోయేది ఈ కాలేనా డాక్టరు గారూ?" అని అడిగితే పసుపు చీటీ ఇవ్వండి. విమానంలో రెక్క వణుకుతోందన్న ప్రయాణికుణ్ణి అద్దం ముందు నిలబెట్టండి. పని చేయవలసినవారు పని మానేసినా, నమ్మవలసినవారు నమ్మడం మానకపోతే లోకం ఎంత ప్రశాంతంగా ఉంటుందో ఊహించండి! ఎక్కడైనా ఏదైనా విరిగిందా? కూలిందా? తెగిందా? అక్కడ నిలబడ్డవాడికి ఆత్మవిశ్వాసం చాలలేదు, అంతే. ఎవరి ఉద్యోగానికీ ముప్పు లేదు.

ఈ ఉత్సాహంతోనే నేను నిన్న సాయంత్రం చెల్లెల్ని నిలదీశాను. "నిజం చెప్పు. అంత దూరం వెళ్లావు కదా, భయం వేయలేదా?"

"వేయకేం అక్కా? ప్రాణం గొంతులోకొచ్చింది. దారిలో రెండుసార్లు దిగి పట్టీ చూసుకున్నా."

"ఆ మోకాళ్లతో మళ్లీ ఎలా ఎక్కావే?"

"ఒకసారి బండరాయి మీంచి ఎక్కా. రెండోసారి పడవ బోర్లించి ఉంటే దాని మీంచి ఎక్కా. పడవ కదులుతుందేమోనని ముందు తన్ని చూశాలే."

విన్నారా? పడవను కూడా నమ్మలేదు! నాలుగు నెలలు అద్దాలు, పీపాలు, ఉత్తరాలు వెచ్చించినా ఈ మనిషిలో ఆత్మవిశ్వాసం ఆవగింజంత మొలవలేదు. బడివారి నిర్ణయాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను. ఆమె పిరికిది. నయం కాని పిరికిది.

పెద్దాయన తమ్ముడి దగ్గర రెండు గుర్రాలున్నాయట. పట్టా అడగడట. ఆదివారం ఉదయం మేమిద్దరం సరస్సు దారికి వెళుతున్నాం. గుర్రం ఎక్కడం నాకు ఇదే మొదలు. ఆత్మవిశ్వాసం నాకు కావలసినంత ఉంది. కనుక ఒక్కటే షరతు పెట్టాను. నా గుర్రానికి పట్టీ ఆ పిరికిదే బిగించాలి. రెండుసార్లు.